బాడీ వచ్చింది

కెమెరా అల్లుడికి ఫొటోగ్రఫీలో తెలియని విషయం లేదు, ఫొటో తీయడం తప్ప. ఏ కంపెనీ ఏ లెన్సు వదలబోతోందో, దాని కడుపులో గాజుబిళ్లలు ఎన్ని గుంపులుగా కూర్చుంటాయో, చీకటి గదిలో ఏ బాడీకి, అంటే లెన్సు తగిలించని ఒట్టి కెమెరాకి, ఫొటోలో గింజలు తక్కువ పడతాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. "మరి మొన్న మీ మేనకోడలి పుట్టినరోజుకి తీసిన ఫొటోలేవి?" అంటే మాత్రం నీళ్లు నములుతాడు. ఆ రోజు వెలుతురు బాగా లేదట.

ఉద్యోగానికి సిమెంటు గొట్టాల కంపెనీలో స్టోర్‌కీపరు. అక్కడ సామాను వస్తుంది, పోతుంది. ఇంట్లో మాత్రం రావడమే. పడగ్గదిలో బట్టల బీరువా ఉండాల్సిన చోట గాజు తలుపుల పెట్టె ఒకటి నిలబడి ఉంటుంది. లెన్సులకు తేమ తగిలితే బూజు పడుతుందని కొన్నాడు. లోపల తేమ ఎంతో చూపించే ముల్లు ఉంటుంది. పొద్దున్న లేవగానే ముందు ఆ ముల్లు ముఖం చూస్తాడు, తరవాతే పెళ్లాం ముఖం. ఎండకు తీస్తే వేడెక్కుతాయి, వానకు తీస్తే తడుస్తాయి, గాలికి తీస్తే దుమ్ము పడుతుంది. కాబట్టి అవి చాలావరకు పెట్టెలోనే, బాలింతల్లా, చల్లగా పడుకుని ఉంటాయి.

కొత్త లెన్సు వచ్చిన రోజున మాత్రం హడావిడి చూడాలి. వరండా గోడకు పాత పేపరు అంటించి, ఎదురుగా స్టాండు నిలబెట్టి, ఇంట్లో ఎవరూ అడుగు తీసి అడుగు వేయకూడదని కేకలేసి, ఊపిరి బిగబట్టి నొక్కుతాడు. తరవాత కంప్యూటర్లో ఆ బొమ్మను ఇంతింత చేసి నాలుగు మూలలూ వెతుకుతాడు. మధ్యలో ఏముందో అతనికి పట్టదు. మధ్యలో ఎంత పనికిమాలిన లెన్సయినా బాగానే ఉంటుందట, దాని బండారం మూలల్లోనే బయటపడుతుందట. పేపరు అయ్యాక పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు. ఆ ట్యాంకుకి ఉన్నన్ని ఫొటోలు ఆ ఇంట్లో ఏ మనిషికీ లేవు.

ఇదంతా ఎక్కువగా చూసి, ఎక్కువగా భరించి, నోరు మూసుకున్న మనిషి అతని భార్య. కింది వాటాలో ఉండే డ్రైవరుగారికి పెద్ద కూతురు కాబట్టి ఆ వీధిలో అందరికీ ఆమె పెద్దమ్మాయి. రెడీమేడ్ బట్టల కొట్లో ఆల్టరేషన్ మిషను మీద కూర్చుంటుంది. వచ్చినవాళ్ల ఒంటికి బట్టను సరిచేసి పంపడమే ఆమె పని. ఇంటికొస్తే, ఉన్న లెన్సుకు తగ్గ మనిషి ఇంకా పుట్టలేదనే మొగుడు.

డ్రైవరుగారు జీవితమంతా బస్సు తోలి రిటైరయినవారు. చిన్న కోరిక ఒకటి ఆయనకు చాలాకాలంగా ఉంది. మంచి ఫొటో ఒకటి కావాలి. లైసెన్సు మీద ఉన్న ముఖం తప్ప ఆయనకు వేరే ముఖం లేదు. అందులో ఆయన ఎవరినో గుద్దేసి వచ్చినవాడిలా ఉంటారు. ఇంట్లోనే కెమెరా అల్లుడున్నాడు గదా అని అడిగారు.

మొదటిసారి అడిగినప్పుడు అల్లుడి దగ్గర కెమెరాతో పాటు వచ్చిన చిన్న జూమ్ లెన్సు ఉంది.

"దీనితో ముఖాలు తీయకూడదు మామయ్యా. దగ్గరికొస్తే ముక్కు పెద్దగా పడుతుంది."

"నా ముక్కు పెద్దదేగా అల్లుడుగారూ. పడనీయండి."

అల్లుడు జాలిగా నవ్వాడు. తరవాత జూమ్ లేని లెన్సు ఒకటి కొన్నాడు. వెనక గోడంతా వెన్నలా కరిగిపోతుందన్నాడు. తీరా వచ్చాక, తన బాడీ చిన్నరకం కాబట్టి దాని మీద ఈ లెన్సు ఉన్నదానికంటే దగ్గరగా చూపిస్తుందని, ఆ గదిలో వెనక్కి జరగడానికి చోటు లేదని తేలింది. "వీధిలోకి వస్తాను" అన్నారు డ్రైవరుగారు. వీధిలో ఎండ నెత్తి మీద ఉంది, కళ్ల కింద నీడలు పడతాయి. ఆ తరవాత కొన్నది ఇంకా పొడుగు లెన్సు. దానికి గది కాదు, మైదానం కావాలి. ఆ తరవాత తప్పంతా లెన్సులది కాదని, బాడీదని అతనికి జ్ఞానోదయమైంది. ఫోకసు కంటి మీద నిలబడాల్సింది పోయి కనుబొమ్మ మీద నిలబడుతోందట. వెంట్రుక వాసి తేడా. డ్రైవరుగారి కనుబొమ్మలు చూసినవాడెవడైనా ఆ కెమెరాను తప్పుపట్టడు, కళ్ల కంటే అవే ముందు కనిపిస్తాయి.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారు వెనకటివాళ్లు. మీ ఆయన ఆడకముందే మద్దెలలు మారుస్తున్నాడే" అన్నారు డ్రైవరుగారు కూతురితో. ఆమె నవ్వింది గానీ సిగ్గుతో చచ్చిపోయింది. అడిగింది పరాయివాడు కాదు, కన్నతండ్రి. అడిగింది ఏడువారాల నగలు కాదు, ఒక్క ఫొటో.

అలా ఉండగా డ్రైవరుగారికి పిత్తాశయంలో రాళ్లున్నాయని, తీసేయాలని డాక్టరు చెప్పాడు. చిన్న ఆపరేషనే, మర్నాడు ఇంటికి వచ్చేయొచ్చు అన్నాడు. చిన్న ఆపరేషను అనేది కోసేవాడి మాట. కోయించుకునేవాడికి చిన్నదేమిటి, పెద్దదేమిటి? డ్రైవరుగారు భయపడ్డారు. పైకి చెప్పలేదు. ఆసుపత్రికి బయల్దేరాల్సిన పొద్దున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో పెద్దమ్మాయికి అర్థమైంది. గబగబా మేడెక్కింది.

"ఏమండీ, నాన్న కూర్చున్నారు. ఒక్కటి తీయండి. ఏ లెన్సయినా సరే."

"ఈ రోజా? ఈ రోజు బాడీ లేదే" అన్నాడు అతను, పళ్లు తోముకుంటూ. "పాతది ఎక్స్చేంజికి ఇచ్చేశాను. కొత్త బాడీ రేపొస్తుంది. అది కన్నును వెతుక్కుని మరీ పట్టుకుంటుంది తెలుసా? రేపు తీస్తాను."

"ఆపరేషను ఈ రోజండీ."

"అదే, చిన్న ఆపరేషనేగా."

పెద్దమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ఆ గాజు పెట్టెను మేడ మీంచి కిందకు తోసేయాలనిపించింది. దిగి వచ్చి తండ్రితో, "రేపు తీస్తారట నాన్నా" అంది. ఆయన తల ఊపి, ఆ ఇస్త్రీ చొక్కాతోనే ఆటో ఎక్కారు. దారిలో, భార్య అటు తిరిగి ఉన్నప్పుడు, కూతురికి మాత్రమే వినపడేలా అన్నారు.

"ఫొటో అంటే నా ఒక్కడిదీ కాదే. పక్కన మీ బాబాయి ఉంటే బాగుండునని. వాడు రాడు, నేను పిలవను. ఊరికే అనుకున్నాను."

ఆ బాబాయితో మాటలు పోయి ఏళ్లయింది. గొడవ ఆస్తి కోసం కాదు, స్కూటరు కోసం. తమ్ముడు అన్న స్కూటరు తీసుకెళ్లి సొట్టతో తెచ్చిచ్చాడు. బస్సుకు ఏనాడూ గీత పడనీయని డ్రైవరుగారు పదిమందిలో, "నీకు సైకిలు కూడా ఇవ్వకూడదురా" అన్నారు. తమ్ముడు ఆ మాట పట్టుకుని వెళ్లినవాడు వెళ్లినట్టే ఉండిపోయాడు. ఇద్దరిదీ ఒకే రక్తం, ఒకే మొండితనం.

ఆసుపత్రిలో డ్రైవరుగారి వెంట భార్యా, పెద్దమ్మాయీ ఉన్నారు. ఇంట్లో మిగిలింది కెమెరా అల్లుడు, కబురు కోసమని వచ్చి ముందుగదిలో కూర్చున్న డ్రైవరుగారి అక్క. ఈ అక్కగారిని చుట్టాలంతా రేడియో అంటారు. ఒకసారి చెవిన పడితే చాలు, అన్ని స్టేషన్లలోనూ వస్తుంది.

మధ్యాహ్నం అల్లుడు మేడ దిగుతూ ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల కెమెరా కొట్టువాడు. ఇవతలి మాటలే రేడియోగారి చెవిన పడ్డాయి.

"ఏంటండీ, బాడీ ఇంకా అక్కడే ఉందా? ... ఫార్మాలిటీస్ అన్నీ అయిపోయాయిగా, ఇంకా ఆలస్యం దేనికి? ... బాడీ మీద గీతలూ అవీ లేకుండా చూడండి, మళ్లీ ఇంట్లోవాళ్లు నన్నంటారు. ... బాగా చుట్టి పంపండి. ... సరే, పొద్దున్నే ఇంటికే పంపించేయండి. సంతకం నేనే పెడతాను."

రేడియోగారు లేచి మెట్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఏమంటున్నారు?"

"బాడీ రేపు పొద్దున్నే వచ్చేస్తుందండీ పెద్దమ్మా!" అన్నాడు, ముఖం ఇంత చేసుకుని.

ఆమె అతని ముఖం చూసి నిర్ఘాంతపోయింది. మామగారి మీద వీడికి ఇంత కక్ష ఉందా అనుకుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది. "అందరికీ చెప్పమంటావా?"

"చెప్పండి, దాచేదేముంది? ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీని కోసమేగా" అని అతను మళ్లీ మేడెక్కాడు.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని ఊరికే అనలేదు.

సాయంత్రానికి చుట్టాలందరికీ తెలిసిపోయింది. ఆసుపత్రికి ఫోను చేసి నిజమేనా అని అడగొచ్చు గదా అంటారేమో. తండ్రిని పోగొట్టుకున్న పిల్లను పట్టుకుని "నిజంగానే పోయారా?" అని ఎవరడుగుతారు? పిన్ని ఒకావిడ మాత్రం పెద్దమ్మాయికి చేసింది.

"ధైర్యంగా ఉండమ్మా."

"ఉన్నాను పిన్నీ. ఇంక భయమేం లేదన్నారు. పొద్దున్నే ఇంటికి తెచ్చేస్తున్నాం."

"తెలిసిందమ్మా. అందరం వస్తున్నాం." అవతల ముక్కు చీదిన చప్పుడు.

పెద్దమ్మాయి ఫోను పెట్టేసి, మనవాళ్లకు ఎంత ప్రేమ అనుకుని మురిసిపోయింది. ఆపరేషను బాగా జరిగింది. తండ్రి మత్తు దిగి, రాళ్లను సీసాలో పెట్టి ఇమ్మని నర్సుతో తగువు పెట్టుకుంటున్నారు.

మర్నాడు పొద్దున కింది వాటా ముందు అద్దె కుర్చీలు పడ్డాయి. ఆడవాళ్లు లోపల, మగవాళ్లు బయట. డ్రైవరుగారి తమ్ముడు, ఆ చిన్నాయన కూడా వచ్చాడు. పూలదండ చేత్తో పట్టుకుని, ఎవరి పక్కనా కూర్చోకుండా, గేటు దగ్గర నిలబడ్డాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. కెమెరా అల్లుడు మేడ మీంచి ఈ జనాన్ని చూసి, మామగారి కుశలం అడగడానికి వచ్చారనుకున్నాడు. ఎవరి ముఖం ఎలా ఉందో చూడలేదు. మనుషుల ముఖాలు చూడటం అతనికి అలవాటు లేదు.

ముందు పార్సిలువాడు వచ్చాడు. అల్లుడు మెట్లు రెండేసి చొప్పున దిగి, సంతకం పెట్టి, అట్టపెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుని, "బాడీ వచ్చింది!" అని కేకేశాడు. లోపల ఆడవాళ్లు గొల్లుమన్నారు. బయట మగవాళ్లు లేచి నిలబడి, ఆ మూరెడు పెట్టెను చూసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆటో వచ్చి ఆగింది. అందులోంచి డ్రైవరుగారు, నిన్నటి ఇస్త్రీ చొక్కా నలిగిపోయి, పొట్ట పట్టుకుని, "మెల్లిగా, మెల్లిగా" అంటూ దిగారు.

ఏడుపులు తెగిన దారంలా ఆగిపోయాయి. రేడియోగారు గుమ్మంలో కూలబడి, "తమ్ముడా, నువ్వు పోయావు గదరా!" అంది.

"ఎక్కడికి పోయానే అక్కా?" అన్నారు డ్రైవరుగారు. కుర్చీలూ పూలూ చూశారు. చివరకు గేటు దగ్గర దండ పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణి చూశారు.

బాడీ అంటే ఏమిటో, ఏ బాడీనో, ఎవరి నోట ఏ చెవిన పడిందో గుసగుసల మీద ఒక్కొక్కరికే అర్థమవుతోంది. పెద్దమ్మాయి మనసు మాత్రం అక్కడ లేదు. బాబాయి ఇప్పుడు తిరిగి వెళ్లిపోతాడేమోనని ఆమె భయం. చచ్చినవాడి కోసం వచ్చిన మనిషి, బతికున్నవాడి కోసం నిలబడతాడా?

"ఎందుకొచ్చావురా?" అన్నారు డ్రైవరుగారు.

"చచ్చిపోయావన్నారు."

"చస్తే తప్ప రావా?"

చిన్నాయన దండను వెనక్కి దాచుకోబోయాడు.

"తెచ్చావుగా, వెయ్యి. బతికుండగా నాకు దండ వేసినవాడు ఇంతవరకు లేడు."

"అపశకునం!" అని లోపలినుంచి ఎవరో అరిచారు. చిన్నాయన వినలేదు. అన్న మెడలో దండ వేసి, భుజం మీద తల పెట్టి పసిపిల్లాడిలా ఏడ్చాడు. "కుట్లు, కుట్లు" అంటూనే డ్రైవరుగారు కూడా ఏడ్చారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "దేని మీద వచ్చావు?" అన్నారు.

"స్కూటరు మీదే."

"ఎవరినీ గుద్దలేదుగా?"

అంతే, అందరూ ఒక్కసారిగా నవ్వారు. నవ్వితే కుట్లు లాగుతాయని డ్రైవరుగారు పొట్ట పట్టుకుని మరీ నవ్వారు. నవ్వు ఆగాక ఆయన చుట్టూ చూశారు. అన్నదమ్ములు, అక్క, పిల్లలు, పిలిచినా రాని చుట్టాలు అందరూ ఒక్కచోట ఉన్నారు.

"అల్లుడుగారూ! బాడీ వచ్చిందన్నారుగా. తీయండి ఫొటో."

కెమెరా అల్లుడు అప్పటికే అట్టపెట్టె విప్పేశాడు. తెల్లటి నురగ కాగితంలో కొత్త బాడీ మెరుస్తోంది. పెద్దమ్మాయి మేడ మీదకు పరిగెత్తి, గాజు పెట్టె తెరిచి, చేతికందిన లెన్సులన్నీ కొంగులో వేసుకుని తెచ్చింది. అతను చూసి కెవ్వుమన్నాడు.

"అయ్యో, గీతలు పడతాయి! అయినా ఇవి దీనికి పట్టవు."

"పట్టవా?"

"ఇది వేరే కంపెనీ. దీని మూతి వేరు, వాటి మెడ వేరు. మధ్యలో రింగొకటి వేయాలి. అది వచ్చే వారం వస్తుంది. పైగా బ్యాటరీ కూడా చార్జి చేయాలి."

పెద్దమ్మాయి ఒడి నిండా గాజుకళ్లున్నాయి, ఒక్కటీ చూడదు. ముందు రోజు "రేపు తీస్తాను" అన్నప్పుడే అతనికి ఈ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు. కిటికీ పక్కన ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న మనిషితో తనచేత తెలిసే అనిపించాడు. ఆ క్షణాన మొగుడంటే ఆమెకు కోపం కూడా రాలేదు, రోత పుట్టింది.

అతను జనం వైపు తిరిగి ధీమాగా, "వచ్చే ఆదివారం అందరూ ఇలాగే రండి. అద్భుతంగా తీస్తాను" అన్నాడు.

"వచ్చే ఆదివారం మళ్లీ చావమంటారా?" అన్నారు డ్రైవరుగారు.

పెద్దమ్మాయి లెన్సులను కుర్చీలో కుమ్మరించి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, అద్దం పగిలిన తన ఫోను తీసింది. "నాన్నా, మధ్యలో కూర్చోండి. బాబాయి, మీరు పక్కన. అత్తా, ఏడుపు ఆపి ఇటు చూడు."

"వాళ్ల వెనకనుంచి వెలుతురు! ముఖాలు నల్లగా వస్తాయి!" అని అరిచి, మొగుడు మళ్లీ అట్టపెట్టె మీదకు వంగాడు.

"వస్తే రానీయండి" అని ఆమె నొక్కింది.

ఇప్పుడు ఆ ఫొటో ముందుగదిలో, కిటికీ ఎదుట గోడ మీద, పటం కట్టి ఉంది. ముఖాలు కాస్త నలుపుగానే వచ్చాయి. డ్రైవరుగారి మెడలో శవానికని తెచ్చిన దండ ఉంది, నోరు చెవుల దాకా ఉంది. తమ్ముడి చెయ్యి ఆయన భుజం మీద ఉంది. రేడియోగారు ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. ఇంటికొచ్చిన ప్రతివాడినీ డ్రైవరుగారు ఆ పటం ముందు నిలబెడతారు. వారానికోసారి తమ్ముడొచ్చి పటం కింద కూర్చుని స్కూటరు గురించి తిట్లు తింటాడు.

రింగు వచ్చింది. బ్యాటరీ నిండింది. వరండా గోడకు కొత్త పేపరు కూడా అంటుకుంది. కెమెరా అల్లుడు ఒకనాడు కిందికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పటానికి ముక్కు ఆనించి చూశాడు. మధ్యలో ఉన్న అన్నదమ్ములను దాటేసి, చూపు అలవాటుగా మూలలకు పోయింది.

"అనుకున్నాను. కుడి మూల చూశారా మామయ్యా? ఎంత మసగ్గా ఉందో. ఫోను లెన్సులింతే."

డ్రైవరుగారు కళ్లజోడు తగిలించుకుని వచ్చి చూశారు. అందరూ ఇటు చూస్తున్న ఆ ఫొటోలో కుడి మూలన ఒకే ఒక్క మనిషి అటు తిరిగి, అట్టపెట్టె మీదకు వంగి, ఏదో కాగితం చదువుకుంటున్నాడు. ముఖం కనబడదు.

"ఆ మూల మనిషున్నాడా?" అన్నారు డ్రైవరుగారు, నింపాదిగా. "పార్సిలు ఇవ్వడానికొచ్చినవాడేమో అనుకున్నాను ఇన్నాళ్లూ."

కుట్టుపని చేసుకుంటున్న పెద్దమ్మాయి సూది ఆపి మొగుడి వైపు చూసింది. ఈ ఒక్కసారైనా తగులుతుందని ఆశపడింది.

"అదేగా నేను చెప్పేది" అన్నాడు అతను, ఇంకా దగ్గరికి జరిగి. "ఆ మూల ఫోకసు లేదు."